ఎలుగుబంటి పేరున్న సొరబుర్ర

తూర్పు కనుమల మధ్య ఇప్పలకోన అనే అడవి ఉంది. పేరుకు తగ్గట్టే అక్కడ ఎటు చూసినా ఇప్పచెట్లే. ఆ చెట్ల కింద కుందేళ్లు, ముళ్లపందులు, కణుజు జింకలు, అడవిపందులు ఉండేవి. కొమ్మల మీద కోతులు, ఉడుతలు ఉండేవి. గడ్డిలో కౌజు పిట్టలు ఉండేవి. కోనకు పైన ఒక గుట్ట, ఆ గుట్ట మీద గుహలో భూపతి అనే ఎలుగుబంటి కాపురం. కోనకు కింద ఒక వాగు, వాగు అవతల కొండముచ్చుల రాజ్యం.

ఇప్పలకోనలో తిండికి లోటు లేదు, నీటికి లోటు లేదు. భయం మాత్రం ఒకటి ఉంది. ఎండాకాలం వచ్చిందంటే ఎండు వెదుళ్లు గాలికి ఒకదానితో ఒకటి రాసుకునేవి. ఎక్కడో ఒకచోట అగ్గి రాజుకునేది. అప్పుడు అందరూ కాళ్లకు బుద్ధి చెప్పేవాళ్లు. రెక్కలున్నవాళ్లు ఎగిరిపోయేవాళ్లు. మంట చల్లారాక తిరిగి వచ్చి, మిగిలింది చూసుకునేవాళ్లు.

కానీ గుడ్లకు కాళ్లు లేవు, రెక్కలూ లేవు.

ఈ సంగతి పైడమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైడమ్మ ఒక కౌజు పిట్ట. కౌజులు చెట్టు మీద గూడు కట్టవు, నేల మీదే గడ్డి దుబ్బు చాటున గుడ్లు పెడతాయి. కిందటి ఎండాకాలం వచ్చిన అగ్గిలో పైడమ్మ గుడ్లన్నీ గడ్డితో పాటే కాలిపోయాయి. తోక ఈకలు కమిలేదాకా ఆమె గూటి దగ్గరే ఉంది. ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు కోన కోనంతా విన్నది.

ఈ ఏడాది చలి తగ్గుతుండగానే పైడమ్మ అందరినీ ఒకచోటికి పిలిచింది.

"అగ్గి వస్తే పారిపోవడం చాలు. ఈసారి ఎదురు వెళ్దాం. ఒక అగ్గిదండు కడదాం. జీతం లేదు, బత్తెం లేదు. మనసున్నవాళ్లు రండి" అంది.

"ఎదురు వెళ్లి ఏం చేస్తాం పైడమ్మా? అందరం కలిసి ఉఫ్ అని ఊదుదామా?" అని కొమ్మ మీద కోతి అడిగింది.

అందరూ పగలబడి నవ్వారు. పైడమ్మ నవ్వలేదు.

"వాగు దగ్గర్నుంచి మంట దాకా వరసగా నిలబడదాం. సొరబుర్రలతో నీళ్లు అందించుకుందాం. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి. పరుగెత్తే పని లేదు, ఆయాసం లేదు" అంది.

నవ్వు ఆగిపోయింది. ఇది వినడానికి బాగానే ఉందే అని అందరికీ అనిపించింది. చెవులయ్య అనే కుందేలు ముందుకు దూకాడు. "నేను ఉన్నాను!" అన్నాడు. ఆ వెనకే ముళ్లపందులు, ఆ వెనకే కణుజులు. నవ్విన కోతి కూడా కొమ్మ దిగి వచ్చింది. గుట్ట మీది ఎలుగుబంటి మాత్రం గుహ గుమ్మంలో పడుకుని ఆవలించాడు.

దండు తయారైంది. సొరబుర్రలు ఏవి? ఎండిన సొరకాయలోని గుజ్జంతా తీసేస్తే గట్టి బుర్ర మిగులుతుంది. కుండలా నీళ్లు పడుతుంది, కుండకన్నా తేలిక. ఆ చుట్టుపక్కల సొరతీగలు పెంచేది కొండముచ్చులే. పైడమ్మ వాగు దాటి వెళ్లి వాళ్ల పెద్దను అడిగింది.

పెద్ద కొండముచ్చు గడ్డం గోక్కున్నాడు. వాగు ఒడ్డున ఒక లోతైన గొయ్యి చూపించాడు.

"ఈ గోతిని తినేవాటితో అంచుదాకా నింపండి. మా బుర్రలన్నీ పట్టుకుపోండి. అరువు లేదు, బేరం లేదు" అన్నాడు.

గోతిలోకి తొంగి చూసిన పైడమ్మకు కళ్లు తిరిగాయి. అయినా "సరే" అంది.

ఆ రోజు నుంచి కోనలో హడావుడే హడావుడి! పైడమ్మ తెల్లారకముందే లేచి పొద పొదకూ, తొర్ర తొర్రకూ తిరిగేది. "అగ్గిదండుకు చందా! అగ్గిదండుకు చందా!" అని అరిచేది. గుప్పెడు ఇచ్చినా దండం పెట్టేది, గింజ ఇచ్చినా దండం పెట్టేది. ఉడుతలు సారపప్పు ఇచ్చాయి. కణుజులు నేలరాలిన ఉసిరికాయలు మూటకట్టి తెచ్చాయి. ముళ్లపంది ఒకటి తన ముళ్లకు ఇప్పపూలు గుచ్చుకుని వచ్చి, గోతి పక్కన ఒళ్లు విదిలించుకుంది. పూలన్నీ జలజలా రాలాయి. చూసినవాళ్లు ఈలలు వేశారు!

రోజూ సాయంత్రం అందరూ గోతి చుట్టూ చేరేవాళ్లు. ఎంత నిండింది? నిన్నటికన్నా ఎంత పెరిగింది? పిల్ల జంతువులు గోతిలోకి వంగి చూసి కేకలు పెట్టేవి. పెద్ద కొండముచ్చు మాత్రం మధ్య మధ్యలో ఒక కాయ తీసి నోట్లో వేసుకునేవాడు.

"అదేమిటి, మేం నింపుతుంటే మీరు ఖాళీ చేస్తున్నారు?" అని చెవులయ్య నిలదీశాడు.

"రుచి చూస్తున్నానయ్యా, అంతే" అన్నాడు కొండముచ్చు బుగ్గలు ఉబ్బించుకుని.

ఎంత తిరిగినా గొయ్యి సగం మీద కొంచెం దాకా వచ్చి ఆగిపోయింది. ఎండలు ముదిరిపోతున్నాయి. అప్పుడు చెవులయ్యకు ఒక ఆలోచన వచ్చింది. కోనలో ఆ ఏడాది మొదటి పనసపండు పండింది. వాసన వాగు అవతలకు కొడుతోంది. "దాన్ని వేలం వేద్దాం" అన్నాడు.

వేలం అనేసరికి కోనంతా కదిలి వచ్చింది. గుట్ట మీది భూపతి కూడా దిగి వచ్చాడు. అతనికి పనసపండంటే ఇష్టం. పదిమందిలో గెలవడమంటే ఇంకా ఇష్టం. గుహ నిండా తేనెతుట్టెలు దాచుకున్న సంగతి నలుగురికీ తెలిసే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది.

చెవులయ్య బండ ఎక్కాడు. "రండి బాబూ రండి! దీని తొనలు తింటే ఒంటికి బలం, వచ్చిన సొమ్ముతో కోనకు రక్షణ! పాట ఎవరిది?"

"ఒక బుట్టెడు దుంపలు!" అన్నాడు కోరలయ్య అనే అడవిపంది.

"ఒక తేనెతుట్టె!" అన్నాడు భూపతి, అదేదో ఈగను తోలినట్టు.

"రెండు బుట్టలు!"

"రెండు తుట్టెలు!"

"ఓహో! గుట్ట మీద గుహ కదులుతోంది! కోరలయ్యగారూ, మీ దుంపలు అయిపోయాయా? ముక్కుతో ఇంకొంచెం తవ్వండి!" అని చెవులయ్య ఎగదోశాడు.

కోరలయ్యకు రోషం వచ్చింది. నేల తొక్కాడు. "నా చిట్టడవి దుంపలన్నీ!" అని అరిచాడు. గుంపు గొల్లుమంది! కోతులు కొమ్మలు ఊపాయి.

భూపతి నింపాదిగా లేచి నిలబడ్డాడు. "గోతిలో ఎంత ఖాళీ ఉందో అంతా తేనెతుట్టెలు!" అన్నాడు.

"ఒకటోసారి... రెండోసారి..." చెవులయ్య నాలుగు వైపులా చూశాడు. "మూడోసారి! భూపతిగారిది!"

అబ్బ, ఆ అరుపులు! ఆ గంతులు! కోరలయ్య కూడా ఓటమి మరిచిపోయి గెంతాడు. పైడమ్మ సంతోషం పట్టలేక అటూ ఇటూ పరుగెత్తింది. గొయ్యి నిండింది. తేనె అంచు మీదుగా పొర్లింది. కొండముచ్చులు మాట ప్రకారం బుర్రలన్నీ ఇచ్చేశారు.

"అయితే నాదొక మాట" అన్నాడు భూపతి. "అన్నిటికన్నా పెద్ద బుర్ర నాకివ్వాలి. దాని మీద నా పేరు ఉండాలి."

ఇంకేం, అందరికీ పేర్ల మీద మోజు పుట్టింది. సారపప్పు ఇచ్చిన ఉడుత కూడా తన పేరు రాయమంది. పైడమ్మ జేగురుమట్టి తడిపి తెచ్చింది. "ఎవరికి వాళ్లు కాలిముద్ర వేసుకోండి" అంది. ఎర్ర ఎర్ర ముద్రలతో బుర్రలు ముచ్చటగా తయారయ్యాయి.

భూపతికి మాత్రం అది ఆనలేదు. "మట్టి ముద్ర వానకు పోతుంది. నా పేరు నా మనవల మనవలు చదవాలి" అన్నాడు. గోరు చాచి బుర్ర మీద చెక్కడం మొదలుపెట్టాడు. వట్టి పేరైతే బాగుండేది. ఇప్పలకోన మహాదాత, తేనెతుట్టెల చక్రవర్తి, పనసపండు విజేత, గుట్ట మీది దొర, శ్రీశ్రీ భూపతిగారి సమర్పణ అని బుర్ర చుట్టూ చెక్కాడు. అక్షరం లోతుగా దిగితేనే అతనికి తృప్తి.

"మామా, కాస్త పైపైన గియ్యి" అంది పైడమ్మ.

"ఇచ్చినవాణ్ణి నేను. ఎలా గియ్యాలో నువ్వు చెబుతావా?" అన్నాడు భూపతి.

గొయ్యి నింపినవాణ్ణి పైడమ్మ ఏమంటుంది?

మర్నాటి నుంచి దండు సాధన మొదలైంది. పొద్దున్నే వాగు దగ్గర వరసగా నిలబడి బుర్రలు అందుకునేవాళ్లు. మొదట్లో ఒకరి నెత్తిన ఒకరు నీళ్లు పోసుకుని నవ్వుకునేవాళ్లు. పోను పోను చేతులు కుదిరాయి. బుర్ర కింద పడటం మానేసింది. భూపతి ఒక్క రోజూ రాలేదు. తన బుర్రను గుహ ముందు కొమ్మకు వేలాడదీశాడు. దారిన పోయేవాళ్లను పిలిచి చదివించుకునేవాడు.

"మామా, ఒక్కసారి నీళ్లు పోసి చూద్దాం" అని పైడమ్మ అడిగింది.

"కొత్త బుర్రను తడిపి పాడు చేస్తానా? అవసరమొచ్చినప్పుడు చూడు. గుట్ట వైపంతా నేనొక్కణ్ణే చూసుకుంటాను. మీ చిట్టి బుర్రలన్నీ కలిసినా దీనికి సాటి రావు" అన్నాడు.

పైడమ్మ గూడు ఆ గుట్ట కిందే ఉంది. ఈ ఏడాది గుడ్లు అక్కడే పెట్టింది. అంత పెద్ద బుర్ర తన గూటికి కాపలా ఉందనుకుంటే ఆమెకు ధైర్యంగానే ఉండేది.

ఎండలు మండిపోయే ఒక మధ్యాహ్నం తీతువు పిట్ట గగ్గోలు పెట్టింది. "అగ్గి! వెదురు పొదల్లో అగ్గి!"

ఈసారి ఎవరూ పారిపోలేదు! చెవులయ్య దూకాడు, కోరలయ్య ఉరికాడు, కోతులు కొమ్మల మీదుగా వచ్చి పడ్డాయి. చూస్తుండగానే వాగు నుంచి వెదురు పొదల దాకా వరస నిలిచింది. "అందుకో! అందించు! అందుకో! అందించు!" బుర్రలు ఎగురుకుంటూ వెళ్లినట్టు వెళ్లాయి. నీళ్లు పడినచోటల్లా మంట సుయ్‌మంది. కుందేలు పిల్లలున్న బొరియల ముందు మంట ఆగిపోయింది. ఉడుతల తొర్రల ముందు ఆగిపోయింది. మంటను వెనక్కి నెడుతున్నామని తెలిశాక దండుకు ఒళ్లు తెలియలేదు.

మంట మాత్రం ఊరుకుంటుందా? పక్కకు తిరిగింది. గడ్డి పట్టుకుని గుట్ట వైపు పాకింది.

"భూపతి మామా!" అని పైడమ్మ కేక పెట్టింది.

"వస్తున్నా!" భూపతి వాగులో బుర్ర ముంచి భుజానికెత్తాడు. ఏ మాటకామాటే చెప్పాలి, పరుగులో అతనికి ఎదురు లేదు. కానీ మంట దగ్గర బుర్ర వంచితే రెండు చుక్కలు రాలాయి. అతను బుర్రలోకి చూశాడు. మళ్లీ వాగుకు పరుగెత్తాడు. నింపాడు. వచ్చాడు. వంచాడు. మళ్లీ రెండు చుక్కలే!

పైడమ్మ ఎగిరి అతని దగ్గరకు వెళ్లింది. మూడోసారి నింపుకుని వస్తున్న భూపతి బుర్రను పరీక్షగా చూసింది. మహాదాత అన్నచోట నీళ్లు చిమ్ముతున్నాయి. చక్రవర్తి అన్నచోట ధారగా కారుతున్నాయి. శ్రీశ్రీల్లోంచి రెండు పాయలు. కాలుతున్న అడవిలో కూడా ఒక కోతి పిల్లకు నవ్వు ఆగలేదు.

"అక్షరాల్లోంచి కారిపోతోంది మామా! వాగు ఒడ్డున జిగటమట్టి ఉంది. పూసెయ్!"

భూపతి ఠక్కున ఆగిపోయాడు. "నా పేరు మీద మట్టి పూసుకోవాలా? ఇంతమంది చూస్తుండగా?"

"పేరు మీద కాదు, చిల్లుల మీద!"

అతను వినలేదు. అరచేతులతో అక్షరాలు మూసి పరుగెత్తాడు. పాపం, ఎలుగుబంటికి ఉన్నవి రెండే చేతులు, బుర్ర మీద ఉన్నవి అన్ని బిరుదులు. నీళ్లు దారిలోనే అయిపోయాయి. ఈలోగా మంట ఒక పాయగా చీలి గుట్ట ఎక్కింది. గుహలో ఎండుటాకుల పరుపు అంటుకుంది. మాడిన తేనె వాసన కోనంతా కమ్మింది. ఏళ్ల తరబడి దాచుకున్నవాటిలో గోతికి పోగా మిగిలిన తుట్టెలు భూపతి కళ్ల ముందే కరిగి కాలిపోయాయి.

భూపతి నడుం విరిగినవాడిలా కూలబడ్డాడు.

పైడమ్మ వెనక్కి చూసింది. మంట రెండో పాయ ఆమె గడ్డి దుబ్బు వైపు వస్తోంది. దండును ఇటు పిలవవచ్చు. పిలిస్తే బొరియల దగ్గర మంట మళ్లీ లేస్తుంది. ఆమె పిలవలేదు. వచ్చి భూపతి ముందు నిలబడింది.

"నీ తేనె పోయింది మామా. నా గుడ్లు ఇంకా ఉన్నాయి" అంది.

భూపతి ఆమెను చూశాడు. కాలిన తోక ఈకలు మళ్లీ మొలిచినచోట రంగు ఇంకా కలవలేదు. కిందటేడు ఆ ఏడుపు గుహలోకి కూడా వినిపించింది. అప్పుడతను చెవులు మూసుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఇప్పుడతను సిగ్గుతో కుంచించుకుపోయాడు.

ఒక్క ఉదుటున లేచి వాగుకు పరుగెత్తాడు. రెండు చేతులా జిగటమట్టి తోడాడు. మహాదాత మీద కొట్టాడు, చక్రవర్తి మీద కొట్టాడు, విజేత మీద, దొర మీద, చివరికి తన పేరు మీద కూడా మందంగా మెత్తాడు. అడవంతా చూస్తోంది. చూడనీ! బుర్ర ముంచాడు, ఎత్తాడు. ఒక్క చుక్క కారలేదు.

"దారి! దారి!" అని అరుస్తూ వచ్చాడు. కౌజు గూటికి మూరెడు దూరంలో ఉన్న మంట మీద బుర్రెడు నీళ్లూ ఒక్కసారిగా కుమ్మరించాడు. పొగ గుప్పుమంది. మంట చప్పగా చల్లారిపోయింది. భూపతి ఆగలేదు. మళ్లీ నింపుకొచ్చాడు, మళ్లీ పోశాడు. చుట్టూ గడ్డంతా తడిసి ముద్దయ్యేదాకా పోస్తూనే ఉన్నాడు.

"ఆరిపోయింది! ఆరిపోయింది!" అని తీతువు పిట్ట ఆకాశంలోంచి అరిచింది.

పైడమ్మ పొగలో తడుముకుంటూ గూట్లోకి దూరింది. గుడ్లు ముట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి, ఒక్కటీ చెదరలేదు. ఆమె వాటి మీద రెక్కలు పరిచి కూర్చుంది. మనసారా ఏడ్చింది. ఆ ఏడుపు విని దండులో అందరూ ఒకరినొకరు పట్టుకుని గంతులు వేశారు. కోరలయ్య భూపతి వీపు మీద చరిచాడు. మసితో, బురదతో ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమైంది.

గుహ పోయిన భూపతికి కోనవాళ్లు కింద ఒక మంచి చోటు చూపించారు. ఇంటికింత అని తిండి తెచ్చిపెట్టారు. ఇప్పుడతను పొద్దున్నే అందరికన్నా ముందు సాధనకు వస్తున్నాడు. వేడికి కాలిన జిగటమట్టి బుర్రకు పెంకులా పట్టేసింది.

కొన్నాళ్లకు పైడమ్మ పొదిగిన గుడ్లు పగిలాయి. బంతుల్లాంటి పిల్లలు గూట్లోంచి బయటికి దొర్లుకుంటూ వచ్చాయి. మొదటిసారి వాగు ఒడ్డుకు వచ్చి, వరసగా పెట్టిన సొరబుర్రలను వింతగా చూశాయి. అన్నిటికన్నా బుల్లి పిల్ల అన్నిటికన్నా పెద్ద బుర్ర చుట్టూ తిరిగింది.

"అబ్బో! ఎంత పెద్దదో! ఇది ఎవరిది?" అని అడిగింది.

పైడమ్మ భూపతి వైపు చూసింది. చెవులయ్య చెవులు నిక్కించాడు. భూపతి నోరు తెరిచాడు. బిరుదులన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అంతలో ఆ పిల్ల అతని పాదం మీదికెక్కి, బొచ్చు పట్టుకుని పైకి చూసింది.

భూపతి పిల్ల వైపు వంగాడు.

"ఇది దండుది తల్లీ" అన్నాడు.

నీతి: పేరు కోసం చేసిన దానం అవసరానికి ఆదుకోదు, పేరు పక్కన పెట్టి చేసిన సాయమే పదిమందిని కాపాడుతుంది.